గుల్‌మార్గ్ మంచులో మా నాయిన కేక

గుల్‌మార్గ్ పోదామని పట్టుబట్టింది నేనే. మా ఊరు కోడేరులో పల్లి చేను, పత్తి చేను తప్ప ఎరుగని మా నాయినకు మంచు చూపించాలని నా పంతం. ఆయన వచ్చాడు గానీ గొంగడి వదల్లేదు. అద్దాల హోటళ్ల ముందు, ఖరీదైన కోట్ల నడుమ, నల్ల గొంగడి కప్పుకుని నిలబడితే అందరూ ఆయన్నే చూశారు. నాకు సిగ్గేమీ వేయలేదు, పైగా కాస్త పొగరే వచ్చింది.

ఆ పొగరుతోనే కాళ్లకు మంచు మీద జారే స్కీలు కట్టించుకున్నాను. నేర్పే ఆయన ఒకటికి రెండుసార్లు చెప్పాడు: వేగం పెరిగితే మోకాళ్లు వంచి ముందుకు వంగాలి, మడమలు బయటికి తోయాలి. సరేనని తలూపాను. నాయిన దిగువన, అడ్డంగా తాడు కట్టిన చోట నిలబడ్డాడు. తాడు అవతల లోయ.

సగం దూరం బాగానే జారాను. ఉన్నట్టుండి మంచు గట్టిగా, నున్నగా తగిలింది. కాళ్లు నా మాట వినలేదు.

"ఆగే ఝుకో!" ముందుకు వంగమని పైనుంచి నేర్పే ఆయన కేక.

"ఎనుకకు వాలు బిడ్డా! ఎనుకకు!" అని కిందినుంచి నాయిన కేక.

నా ఒళ్లు నాయిన మాటే విన్నది. చిన్నప్పుడు చేను సాపు చేసే గుంటుక మీద, బరువు కోసం నన్నే నిలబెట్టేవాడు. ఎడ్లు ఉరికితే వెనక్కి వాలి పగ్గాలు గుంజమనేవాడు. గుంజితే ఆగేవి. ఇక్కడ ఎడ్లూ లేవు, పగ్గాలూ లేవు. వెనక్కి వాలగానే స్కీలు ఇంకా జోరందుకున్నాయి. నాయిన గొంగడి విసిరేసి, చేతులు చాచి నాకు అడ్డం వచ్చాడు. ఆయన్ని కూడా లోయలోకి తోసేస్తానని అప్పుడు భయమేసింది. అంత భయం మళ్లీ ఎన్నడూ ఎరగను.

"ఎనుకకు!" అని ఆయన ఇంకా అరుస్తూనే ఉన్నాడు. నేను మోకాళ్లు వంచి ముందుకు వంగాను. బలమంతా పెట్టి మడమలు బయటికి తోశాను. మంచు గీరుకుంటూ పోయి, ఆయనకు బారెడు దూరంలో బోర్లా పడ్డాను.

నాయిన మంచులోనే కూలబడి నా ముఖం తడిమాడు.

"దెబ్బ తాకిందా?"

"లేదు నాయినా."

ఊళ్లో తన మాటే నెగ్గాలనే మనిషి. తల వంచుకుని నా బట్టల మీది మంచు దులిపాడు.

"గీడ నాకేం తెల్వదు బిడ్డా. ఇంకోపారి నేను ఒర్లితే ఇనకు."

పడ్డప్పుడు రాని ఏడుపు అప్పుడు వచ్చింది.