ఆరు దాఖలాలు

నన్ను చావబాదిన బడిని బతికించడం ఇప్పుడు నా ఉద్యోగం. రాజురా తాలూకాలో మా ఊరి జిల్లా పరిషత్ బడి అది. రెండు గదులు, ఒక వరండా, వరండాలో గంట బదులు వేలాడే రైలుపట్టా ముక్క. ఇంట్లో తెలుగు మాట్లాడే మేమంతా అక్కడ మరాఠీలో చదువుకున్నాం. ఒకటో తరగతిలో దాహమేసి నీళ్లు కావాలని తెలుగులో అడిగినందుకు అప్పటి మాస్టరు నా అరచేతుల మీద వెదురు బద్ద విరిగేదాకా కొట్టాడు. రెండో బద్ద తెమ్మని నన్నే పంపాడు. తెచ్చాను. కోపం నాకు అక్కడే అంటుకుందో, మా నాయన నుంచి వచ్చిందో తెలియదు గాని, ముక్కు మీద కోపంతోనే పెరిగాను. పెళ్లిళ్లలో కూడా ఎవరితోనో ఒకరితో తగువు పెట్టుకోకుండా భోజనం చేసిన గుర్తు లేదు.

చంద్రపూర్‌లో మా సంస్థకు ఈ కోపం పనికొచ్చింది. మాకు రెండు పనులు. సర్కారు బడులకు రావలసిన టీచర్లను, పైకప్పులను, మరుగుదొడ్లను ఇవ్వమని జిల్లా పరిషత్ మెట్ల మీద కూర్చుని గొంతు చించుకోవడం ఒకటి. పేదపిల్లలకు ప్రైవేటు బడుల్లో చట్టప్రకారం దొరికే ఉచిత సీట్ల లాటరీకి ఫారాలు నింపడం రెండోది. ఒక చేత్తో బడిని నిలబెట్టి ఇంకో చేత్తో అందులోని పిల్లల్ని తోలుకుపోతారా అని ఎవరైనా అడిగితే ఒళ్లు మండేది. డబ్బున్నవాడు ఏ బడి కావాలంటే ఆ బడి చూసుకోవచ్చు, లేనివాడికి మాత్రం ఆ హక్కు ఉండొద్దా అని మీదపడేదాన్ని. ఆ మాట తప్పని ఇప్పటికీ అనను.

ఆ ఏడాది లాటరీ ఆలస్యమైంది. బడులు తెరిచేశారు, జాబితా రాలేదు. మా ఊళ్లో ఫారం నింపిన ఆరుగురు పిల్లల్నీ ఖాళీగా ఉంచడమెందుకని తల్లిదండ్రులు మా బడిలోనే ఒకటో తరగతిలో వేశారు. ఒకటో తరగతి అంటే ఆ ఆరుగురే. అంతకుముందు ఏడాది ఇలాగే జాబితా వచ్చాక బడి మానినట్టు రాసిచ్చే దాఖలా చేతికి రావడానికి వారం పట్టి, ఒక పిల్లవాడి సీటు పోయింది. ఆ మంట నాలో ఇంకా ఉంది. ఈసారి జాబితాకు ముందే ఆరు దాఖలాలూ తీసిపెట్టుకోవాలని నేనే అనుకున్నాను. ఇళ్లలో మాత్రం దాఖలాలు బడే ముందుగా రాసిస్తోందని చెప్పాను.

హెడ్‌మాస్టరు కోర్పనా వైపు తెలుగాయన. ఊరంతా గురూజీ అంటుంది. రెండో టీచరు పోస్టు ఖాళీగా ఉండటంతో బడి మొత్తం ఆయనొక్కడే.

"జాబితా రానీ చెల్లె, ఆనాడే రాసిస్త," అన్నాడు. "దాఖలా ఇచ్చిన్నంటే పిల్ల పేరు పటం మీదికెళ్లి, గీ పేర్ల రిజిస్టర్లకెళ్లి, పోతది. ఇర్వై రెండు మందున్నరు. ఆర్గురు పోతే ఇర్వైకి తక్కువైతది. తక్కువుంటే పక్కూరి బడిల కలుపుతమంటున్నరు. ఎరికే గదా నీకు."

"సీటు రానోళ్లను మళ్ల చేర్పించుకుందురు. అదెంత పని."

"పిల్ల బైటికి పోయినంత అల్కగ లోపలికి రాదమ్మా."

నాకు ఈ మాట సాకులా వినిపించింది. ఆయన చేతిలోని పేర్ల రిజిస్టరు లాక్కుని బల్ల మీద బలంగా వేశాను. పక్కనున్న గాజు గ్లాసు పగిలి పెంకు ఆయన చూపుడువేలిలో దిగింది. పెద్దాఫీసరుకు ఫిర్యాదు చేస్తానని అరిచాను. ఆయన వేలికి చేతిరుమాలు చుట్టుకుని ఆరు దాఖలాలు రాశాడు. చివరిదాని మీద ఒక రక్తపు చుక్క పడింది. మార్చి రాస్తానన్నాడు. నాకు బస్సు టైమైందని అదే తీసుకున్నాను.

ఆ చివరి దాఖలా బడిలో ఖిచిడీ వండే పెద్దమ్మ మనవరాలిది. పెద్దమ్మ భర్త ఊరి బయట రోడ్డు మీద బొగ్గు లారీ కింద పడి చనిపోయాడు. శవాన్ని గోనెసంచిలోకి ఎత్తి తెచ్చారని మా ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆమెకు ఒక్కడే కొడుకు, వాడికి ఒక్కతే కూతురు. దాఖలా చేతికిస్తే ఆమె దాన్ని కళ్లకద్దుకుంది. మర్నాడే రాజురా పోయి లామినేషన్ చేయించి, దేవుడి పటాల పక్కన పెట్టింది. మా వైపు అంతే. చేతికొచ్చిన సర్కారు కాగితానికి ప్లాస్టిక్ తొడిగితే తప్ప మాకు నిద్ర పట్టదు.

జాబితా వచ్చింది. ఆరుగురిలో ఇద్దరికే సీటు దొరికింది. మిగిలిన నలుగురిని మళ్లీ చేర్చే పని నేను వెంటనే చూడాలి. చూడలేదు. వరోరాలో ఒక బడి పైకప్పు కూలితే, అక్కడి ధర్నాలో గొంతు పోగొట్టుకుంటూ కూర్చున్నాను. పెద్దమ్మ మనవరాలితో సహా నలుగురు పిల్లలూ ఇళ్ల దగ్గర ఆడుకున్నారు. పటం మీద పదహారు పేర్లే మిగిలాయి. ఆ పదహారు చూసి, సెప్టెంబరు చివరి లెక్కకు కూడా ఇలాగే ఉంటే బడిని పక్కూరి బడిలో కలుపుతామని ఉత్తరం వచ్చింది. పక్కూరి బడికి పోవాలంటే ఆ లారీల రోడ్డు దాటాలి.

గ్రామసభ బడి వరండాలోనే పెట్టారు. నేను వెళ్లేసరికే గాలిలో కల్లు వాసన, అరుపులు. ప్రైవేటు బడివాళ్ల దగ్గర డబ్బు తిని గురూజీ ఒకటో తరగతిని ఒక్క రోజులో ఖాళీ చేశాడని ఎవరో అన్నారు. ఇంకొకరు అవునన్నారు. మూడోవాడు తన కళ్లతో చూశానన్నాడు. పెద్దమ్మ కొడుకు లేచాడు.

"మా నాయన రక్తం తాగిన రోడ్డు అది. నా బిడ్డను గూడ దానికే పంపుతున్నవా గురూజీ?"

"కూసో తమ్మీ, చెప్త," అన్నాడు గురూజీ.

గంట కొట్టే ఇనుపకడ్డీ రైలుపట్టా పక్కనే వేలాడుతూ ఉంటుంది. వాడు దాన్ని లాగాడు. తల మీదికి వస్తున్న దెబ్బకు గురూజీ కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. పచ్చి కట్టె విరిచినప్పుడు వచ్చే చప్పుడు వచ్చింది. ఆయన కూలబడ్డాక కూడా వాడు ఆగలేదు. భుజం మీద ఒకటి, వీపు మీద ఒకటి వేశాడు. ఇద్దరు ముగ్గురు కాళ్లతో తన్నారు. ఒకడు ఆయన కళ్లద్దాలను చెప్పుతో కావాలని తొక్కి నలిపాడు. గదిలో ఉన్న పిల్లలు ఏడుపు మొదలుపెట్టారు.

రాయించింది నేనే. ఆ ఒక్క మాట చెబితే చాలు. కలెక్టరు మీద అరిచినదాన్ని, పోలీసు లాఠీ పట్టుకుని గుంజినదాన్ని, నాకు నోరు పెగల్లేదు. కిందపడి ఉన్న గురూజీ ఒకసారి తల తిప్పి నా వైపు చూశాడు. నేను వేరే వైపు చూశాను.

వాళ్లు అలిసిపోయి ఆగాక, జీపు మాట్లాడి ఆయన్ని చంద్రపూర్ ఆసుపత్రికి తీసుకుపోయింది మాత్రం నేనే. గుంత పడ్డ ప్రతిసారీ ఆయన పళ్లు బిగించేవాడు. వార్ధా వంతెన దాటాక అడిగాను.

"నా పేరు ఎందుకు చెప్పలే గురూజీ?"

"చెప్తే నిన్ను గూడ కొడుతుండిరి. నా చెయ్యి ఎట్లయినా ఇరిగింది. చంద్రపూర్‌ల మా దిక్కుకెళ్లి కొట్లాడనీకి ఒక్కలన్న మిగలాలె గద."

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిరిగి అరిచేదాన్ని. ఆసుపత్రిలో డాక్టరు అడిగితే బండి మీంచి పడ్డానన్నాడాయన. వీపు మీది కడ్డీ వాతలు చూసి డాక్టరు నవ్వి పోలీసులకు కబురు పెట్టాడు, వాళ్లు వచ్చి అడిగారు. వాళ్లకూ అదే చెప్పాడు. పెద్దమ్మ కొడుకు అప్పటికే బామ్నిలో మేనమామ ఇంటికి పారిపోయాడు. పెద్దమ్మ వంటకు రావడం మానేసింది. మా ఆఫీసులో నేను రాసిన నివేదికలో 'గ్రామంలో కొంత ఉద్రిక్తత' అని ఉంది. ఆ మూడు ముక్కలు రాసినందుకు నాకు ఇప్పటికీ నా మీద అసహ్యం.

లెక్క రోజుకు ముందురోజు గురూజీ చేతికి సిమెంటు కట్టుతోనే వచ్చి బడి తలుపు తీశాడు. ముగ్గురు పిల్లల్ని వాళ్ల తల్లులు తలవంచుకుని తీసుకొచ్చారు. పాత దాఖలాలు తిరిగి తీసుకుని, వాటి మీద అడ్డంగా గీత కొట్టి, పేర్లు మళ్లీ ఎక్కించాడు. పంతొమ్మిది అయ్యారు. ఇంకొక్క పిల్ల కావాలి. ఆ పిల్ల పెద్దమ్మ మనవరాలు.

లెక్క రోజు పొద్దున్నే వాళ్లింటికి వెళ్లాను. పెద్దమ్మ వాకిట్లో మిరపకాయలు ఆరబోస్తోంది. పిల్ల గడప మీద కూర్చుని ఉంది.

"ఎందుకొచ్చినవ్ బిడ్డా? నా కొడుకును పోలీసోళ్లకు పట్టియ్యనీకా?"

"కాదు పెద్దమ్మా. దాఖలా ఇయ్యి. బిడ్డను మళ్ల బడిల ఏద్దాం."

"ఆ గురూజీ దగ్గరికా? లంచం తిన్నోని దగ్గరికా? పంప. బడి మూతబడితే పడనీ. నా వంట పోతే పోనీ."

లోపలికి వెళ్లి దేవుడి పటాల పక్కనుంచి దాఖలా తీసి నేనే తెచ్చాను. ప్లాస్టిక్ కింద గోధుమరంగు మచ్చ ఉంది. దాని మీద వేలు పెట్టాను.

"ఇది ఏం మచ్చనో ఎరికేనా పెద్దమ్మా? గురూజీ నెత్తురు. ఆయన రాయనన్నడు. జాబితా రానీ అన్నడు. నేనే రిజిస్టర్ గుంజి కొట్టిన. గ్లాసు పలిగి ఆయన ఏలు తెగింది. గా ఏలుతోనే ఆర్గురియి రాయించిన. ఆయన ఎవ్వలకాడ ఏం తినలే. మీ వాడు కొడుతుంటే నేను ఆడ్నే నిలబడ్డ. నోరు తెరవలే."

ఆమె కాసేపు మచ్చనే చూసింది. చేతికున్న మిరపపొడి దులుపుకోలేదు. ఆ చేత్తోనే నా చెంప మీద కొట్టింది. చెవి గింగురుమంది. రెండో చెంప మీద ఇంకా గట్టిగా కొట్టింది. గంజి గిన్నెలు ఎత్తిన చెయ్యి అది. పెదవి పగిలి నోట్లోకి ఉప్పగా వచ్చింది, కళ్లు మంటెక్కాయి. జుట్టు పట్టుకుని వంచి వీపు మీద పిడికిలితో గుద్దింది. ఒక్కో గుద్దుకు ఒక మాట అంటోంది.

"నా కొడుకును హంతకుణ్ణి చేస్తుంటివి. గంగలో కలుపుతుంటివి నా ఇల్లును. నీకు నోరెందుకిచ్చిండే దేవుడు."

పిల్ల గడప మీద నుంచి లేచి గోడకు అతుక్కుంది. ఇరుగుపొరుగు వాళ్లు వచ్చి నిలబడ్డారు. ఎవరూ విడిపించలేదు, నేనూ విడిపించుకోలేదు. అరచేతుల మీద వెదురు బద్ద విరిగిన రోజు తర్వాత నేను తిరగబడకుండా తిన్న దెబ్బలు ఇవే.

ఆయాసం వచ్చి తనే వదిలింది. దాఖలా నా చేతిలోంచి లాక్కుంది. పిల్ల రెక్క పట్టుకుని బడివైపు నడిచింది. వెనక నేను, నా వెనక సగం ఊరు.

గురూజీ ఆమెను చూసి కుర్చీలోంచి లేచాడు. ఆమె దాఖలా బల్ల మీద పెట్టింది. ఆయన ఎడమచేత్తో పెన్ను పట్టి అడ్డంగా గీత కొట్టబోయాడు. ప్లాస్టిక్ మీద సిరా నిలవలేదు. మళ్లీ కొట్టాడు, మళ్లీ జారింది. రద్దు ముద్ర వేస్తే అదీ చెరిగిపోయింది.

"ఆగుండ్రి," అంది పెద్దమ్మ. వంటగదిలోకి వెళ్లి కత్తిపీట తెచ్చి అందరి ముందూ కూర్చుంది. ఆ దాఖలాను గుమ్మడికాయ చెక్క తరిగినట్టు కత్తికి ఆనించి రెండు చేతులతో నెట్టింది. ప్లాస్టిక్ గట్టిగా పలికింది. మచ్చ దగ్గర రెండు ముక్కలైంది. ముక్కలు బల్ల మీద పడేసింది.

"ఇగ రాయిండ్రి."

ఆయన ఎడమచేత్తో పిల్ల పేరు రాశాడు. ఒకటో తరగతి పిల్లల రాతలా వంకరటింకరగా వచ్చింది. ఇరవయ్యో పేరు. మధ్యాహ్నం లెక్కకొచ్చిన అధికారి ఆ రాతను చూసి ముఖం చిట్లించాడు గాని, పిల్లల్ని నిలబెట్టి లెక్కపెట్టి సంతకం చేసిపోయాడు. ఆ ఏడాదికి బడి మిగిలింది.

ఆ పూట పొయ్యి వెలిగించింది పెద్దమ్మే. పిల్లలకు పెట్టాక గురూజీ ముందు పళ్లెం పెట్టింది. కట్టు కట్టిన చెయ్యి చూసి, పక్కన కూర్చుని, ఖిచిడీ కలిపి ముద్దలు చేసి ఆయన నోటికి అందించింది. ఆయన మొహమాటపడ్డాడు. తిను, అని కసిరింది. తినిపిస్తున్నంతసేపూ ఆమె కళ్లలోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి.

నేను వరండాలో రైలుపట్టా కింద కూర్చుని ఉన్నాను. పెదవి వాచింది, ఆకలేస్తోంది. గిన్నెలో ఖిచిడీ ఇంకా ఉంది. ఆమె నా ముందు నుంచే వెళ్లి మిగిలింది కుక్కకు పెట్టింది. ఇప్పటికీ నెలకోసారి ఆ బడికి వెళ్తాను. కొత్త టీచరు కోసం సంతకాలు తీసుకుంటాను. పెద్దమ్మ అందరికంటే ముందు వేలిముద్ర వేస్తుంది. నాకు మాత్రం వడ్డించదు.