ఏడో నంబరులో మిగిలింది

ముప్పై ఏళ్లుగా యుద్ధవిమానాలు బాగుచేస్తున్న పెద్ద మెకానిక్‌కి ఆ ఉదయం బుర్ర తిరిగిపోయింది. ఏడో నంబరు విమానం మరీ ముసలిదైపోయింది, ఇక ఎగరనివ్వొద్దు, రంగేసి గేటు ముందు నిలబెట్టమని పైనుంచి కాగితం వచ్చింది. తోక మీద అంకె చూశాడు, దాని కడుపులోకి తొంగిచూశాడు, తల గోక్కున్నాడు. కొత్త విమానాలు రాక, సామాన్లు దొరక్క, పదేళ్లుగా దీని భాగాలు ఊడదీసి మిగతావాటికి, వాటివి దీనికి బిగించింది తనే.

హెల్మెట్ చంకన పెట్టుకుని తొమ్మిదో నంబరు ఎక్కబోతున్న పైలట్ ఆగాడు. "ఏంటి పెద్దాయనా, బెంగా? ముసలిదాన్ని నమ్ముకుని ఎన్నాళ్లు ఎగురుతాం?"

"నిజమే సార్. కానీ ఏ ముసలిదాన్ని ఆపాలో నాకే తేలడం లేదు. దీంట్లో దీనిదంటూ మిగిలింది ఆ అంకె ఒక్కటే. ఇంజనూ, చక్రాలూ మీరెక్కబోయేదాంట్లో ఉన్నాయి."

పైలట్ హెల్మెట్ పెట్టుకోలేదు. అలాగని కింద పెట్టనూ లేదు.