తొమ్మిది నొక్కితే తెలుగు

స్వామిని ఏది అడిగినా నొక్కమంటాడు. "అన్నా, చాయ్ ఉన్నదా?" అంటే, "పాల చాయ్ కొరకు ఒకటి నొక్కండి, పాలు లేని సులేమానీ కొరకు రెండు నొక్కండి, చాయ్ మానుకొనుటకు మూడు నొక్కండి" అంటాడు. ముఖంలో ఒక్క గీత కదలదు. అతని భుజం మీద వేలితో ఒకసారి పొడిస్తేనే గ్లాసు మన చేతికొచ్చేది.

ఇది పిచ్చి కాదు, ఉద్యోగం. సౌదీలో హాయిల్ పట్నం అవతల ఒక చిన్న ఊరి బలదియాకు, అంటే మునిసిపాలిటీకి, కువైట్ యుద్ధం ముగిసిన కొన్నేళ్లకు కంప్యూటర్లు వచ్చాయి. (ఆ యుద్ధంలో నేను దమ్మామ్‌లో ఉన్నాను. ఒక స్కడ్ క్షిపణి నన్ను చూసి సిగ్గుపడి దారి మార్చుకుంది. అది చెప్పడం మొదలుపెడితే తెల్లారుతుంది.) కంప్యూటర్లతో పాటు వాటి రోగాలూ దిగాయి. రోగం చెప్పుకోవడానికి ఫోన్ చేస్తే మనిషి కాకుండా మిషనే పలుకుతుందని మా కంపెనీ కాంట్రాక్టు రాసిచ్చింది. ప్రారంభోత్సవం రోజు వచ్చేసింది. మిషను మాత్రం ఓడ దిగలేదు. మా మేనేజరు జాబేజ్ సారు, భీమవరం మనిషి, చెమట తుడుచుకుంటూ కేబుళ్లు లాగే మా ఇద్దరి దగ్గరకు వచ్చాడు.

"మీలో అరబీ బాగా వచ్చినోడెవడయ్యా?"

ఇంటర్ నన్ను వదల్లేదు, నేనే దాన్ని వదిలేశాను గానీ, నా అరబీ వింటే ఖర్జూర చెట్లు తలూపుతాయి. అయితే నా గొంతులో నవ్వుంటుందట! స్వామి గొంతు ఎండిపోయిన బోరుబావి. అందుకని అతన్ని మిషనులా పలకమని మెట్ల కింది గదిలో ఫోను ముందు కూర్చోబెట్టారు.

"నువ్వు మనిషివని తెలిస్తే మన కొంపలంటుకుంటాయ్. అసలు మిషనొచ్చి పని చేసిన రోజే నీకు సెలవిప్పిస్తా. ఇంటికెళ్దువుగాని," అన్నాడు సారు.

స్వామి యుద్ధానికి ముందు జగిత్యాల విడిచినవాడు, మళ్ళీ మొహం చూపలేదు. భార్య పోశమ్మ క్యాసెట్టులో మాటలు నింపి పంపేది. ఇతనూ అలాగే జవాబు పంపాడు: "నా మీద కోపమున్నచో ఒకటి నొక్కండి." తర్వాతి క్యాసెట్టులో పోశమ్మ, "ఒకటి గాదు, నీ గొంతు నొక్కుత! ఎప్పుడొస్తవో జెప్పు!" అంది. ఆ ఒక్క ముక్కనే వెనక్కి తిప్పి తిప్పి విన్నాడు. చివరికి టేపు సాగి పోశమ్మది మగగొంతయింది. అయినా వింటూనే ఉన్నాడు.

ఒకనాడు కేబుల్ కట్ట కోసం స్టోర్ గదికి వెళ్తే అక్కడ అసలు మిషను పెట్టె కనిపించింది. దాని మీద స్వామి లుంగీ ఆరేసి ఉంది! ఎప్పుడో వచ్చిందట. "మిషనొచ్చింది సార్, గని పలుకుతలేదు" అని స్వామి జాబేజ్ సారును నమ్మిస్తూ వచ్చాడట. నేను మెట్ల కింది గదిలోకి ఊడిపడ్డాను.

"ఏందన్నా, ఇంటికి పోబుద్ధి అయితలేదా? నిజంగనే మిషనైపోయినవా?"

స్వామి పెదవి మీద వేలు పెట్టి, రిసీవరు ఇద్దరికీ వినబడేలా పట్టుకున్నాడు. అటు నుంచి ఆడగొంతు, రాయచోటి తెలుగు.

"మిషనన్నా, మా ఊర్లో వాన పడింటాదంటావా?"

"వాన పడినదని అనుకొనుటకు ఒకటి నొక్కండి."

పీప్‌మంది.

"మట్టి వాసన కొరకు రెండు నొక్కండి."

ఈసారి మెల్లగా పీప్‌మంది. ఒట్టు, ఆ ఎడారిలో నా చెప్పులకు బురదంటుకుంది.

ఆమె పేరు మాబున్నీ. బలదియా పెద్ద, ముదీర్ సాబు, ఇంట్లో పని చేస్తుంది. ఇంట్లో కూడా కంప్యూటరు పెట్టించుకున్న సాబు ఎప్పుడూ మా నంబరుకే చేస్తాడు. ఫోను తుడుస్తూ ఆమె ఒకసారి రీడయల్ బొత్తాం నొక్కింది. అరబీ విని బెదిరిపోయి, "యా అల్లా, ఈ దేశంలో తెలుగు మాట్లాడేటోళ్ళే లేరా?" అంది. మిషను ఉండబట్టలేక, "తెలుగు కొరకు తొమ్మిది నొక్కండి" అంది. పరాయి మగవాడితో మాట్లాడితే తప్పుగానీ, మిషనుతో మాట్లాడితే తప్పేముంది? మధ్యాహ్నం మేడం కునుకు తీస్తే చాలు, మాబున్నీ తొమ్మిది నొక్కేది.

"ఆమె అగ్రిమెంటు ఎప్పుడో దాటింది," అన్నాడు స్వామి. "అడిగినప్పుడల్ల మేడం 'బుక్రా' అంటదట, రేపు అని. ఆమె ఇంటికి పోయిందాక ఈ కుర్చీల నేనే ఉండాలె. అసలు మిషనుకు తెలుగు రాదు గదరా."

"నువ్వే సాబుకు జెప్పరాదు?"

"కేబుళ్లు లాగెటోడు జెప్తె ఎవలింటరు? మిషను జెప్తె ఇంటరు."

కేబుల్ వదులు చేయడంలో నన్ను మించినవాడు అరేబియాలో లేడు. సాబు ఇంట్లో కంప్యూటరు పడుకుంది. వెంటనే ఫోను మోగింది. మిషను అరబీలో తీర్పు చెప్పింది: "మీ ఇంట్లో గడువు దాటినది ఒకటి ఉన్నది. దానిని సరిచేయు వరకు కంప్యూటరు నడవదు."

సాబు ఫ్రిజ్‌లోని పాత మజ్జిగ డబ్బాలు పారబోసి మళ్ళీ చేశాడు. "ఇంకా ఉన్నది." కారు కాగితాలు కొత్తవి చేయించాడు. "ఇంకా ఉన్నది." మందుల పెట్టె బోర్లించాడు. "ఇంకా ఉన్నది." గడువు దాటినదాన్ని వెతుక్కుంటూ ఇల్లంతా తిరిగి, చివరికి వంటగదిలో మాబున్నీ ఎదుట ఆగిపోయాడట. చెడ్డవాడు కాదు, మరిచిపోయినవాడు. నెత్తి కొట్టుకుని తానే కాగితాలు పట్టుకుని తిరిగాడు. దేశం దాటడానికి ఎగ్జిట్ ముద్ర పడింది, టికెట్టు చేతికొచ్చింది. నేను కేబుల్ బిగించాను. ఇంత తెలివైన మిషను రియాద్‌లో కూడా లేదని బలదియా అంతా చెప్పుకుంది.

వెళ్ళే ముందు రోజు మాబున్నీ ఫోన్ చేసింది.

"మిషనన్నా, రేపు పోతాండా."

"శుభ ప్రయాణం కొరకు ఒకటి నొక్కండి."

పీప్‌కు బదులు మాటే వచ్చింది.

"నువ్వు గూడా ఇంటికి పో అన్నా. వదిన ఎంత ఎదురుజూస్తాందో ఏమో."

స్వామి కుర్చీలో బిగుసుకుపోయాడు. "మిషనుకు వదిన ఉండదు. దయచేసి సరైన అంకె నొక్కండి."

"మిషను అన్నంలోకి ఉల్లిగడ్డ కొరుకుతాదా? రోజూ ఆ సప్పుడు నాకు ఇనపడ్ల్యా? మనిషివని ఒప్పుకుంటే మాట్లాడేకి కాదని ఊరికే ఉంటి."

స్వామి నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను. అతని దగ్గర అంకెలన్నీ అయిపోయాయి.

"పోత చెల్లే," అన్నాడు ఉత్త జగిత్యాల గొంతుతో. "పైలంగ పో."

ఆమె విమానం ఎక్కిన రోజే పెట్టె విప్పాం. తీగ తగిలించగానే మిషను గడగడా పలికింది. జాబేజ్ సారు దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"బానే ఉంది కదయ్యా! మరి ఇన్నాళ్ళూ దీనికేమొచ్చింది?"

స్వామి అప్పటికే సంచీ సర్దుకుంటున్నాడు. జవాబు నేనే చెప్పాల్సి వచ్చింది.

"బెంగ సార్," అన్నాను.