పాటల డబ్బాలో బాప్తిస్మం పుస్తకం

మొన్న నా ఫోనులో చోటు నిండిపోయిందనీ, ఏవైనా తీసేస్తే తప్ప కొత్త ఫోటోలు పట్టవనీ కనబడితే, తీసేయడానికి వేలు ఆడక ఒక పూటంతా దాన్ని ముందేసుకుని కూర్చున్నాను. ఇంట్లోవాళ్లు ఒకటే నవ్వు. చోటు కోసం ఒకదాన్ని తీసి ఇంకోదాన్ని పెట్టడమంటే ఏమిటో, ఫ్లాపీల కాలంలో కంప్యూటరు ముందు కూర్చున్న మనకు తెలిసినట్టు వాళ్లకేం తెలుసు!

అప్పట్లో నేను కడపలో ఒక డీటీపీ షాపులో టైపు చేసేదాన్ని. మా ఆయన కువైట్‌లో డ్రైవరు. ఊరికొచ్చేవాళ్ల చేత నాకొక బొటనవేలంత పాటల డబ్బా పంపించాడు, మెడలో వేలాడేసుకుని చెవుల్లో తీగలు పెట్టుకునేది. అందులో పాటలతో పాటు ఆయన గొంతు కూడా ఉండేది. సెలవు రోజున గదిలో ఒక్కడే కూర్చుని, ఎదురుగా ఉంటే ఏనాడూ అనని మాటలు అరగంట సేపు మాట్లాడి పంపాడు మహానుభావుడు. మధ్యాహ్నం క్యారియరు విప్పుకుని అది వింటూ అన్నం తినేదాన్ని. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేముంది, పొద్దుటినుంచీ ఆ అరగంట కోసమే ఎదురుచూసేదాన్ని.

ఆ రోజుల్లోనే కోయిలకుంట్ల దగ్గరి ఒక పల్లె నుంచి చర్చి పెద్దాయన ఒకరు, కడపలో ఉన్న కూతురింటికి వచ్చినప్పుడల్లా, గుడ్డలో చుట్టిన పాత పుస్తకం ఒకటి మా షాపుకు తెచ్చేవాడు. వాళ్ల చర్చిలో తాతల నాటినుంచి బాప్తిస్మం తీసుకున్నవాళ్ల పేర్లూ, మట్టిలో కలిసినవాళ్ల పేర్లూ అందులో ఉండేవి. చెదలు తినేసి, ముట్టుకుంటే రాలిపోయేది. సెంటు భూమి లేక, బడి మొహం చూడక, కూలి చేసుకుని బతికిన మనుషులు వాళ్లు. ఈ నేల మీద ఉన్నారని వాళ్ల గురించి రాసిన కాగితం అదొక్కటే, అందుకే ఆయన ప్రాణమంతా దాని మీదే. చదవగలిగిన పేజీలు టైపు చేశాను, చదవరానివి స్కాన్ చేసి బొమ్మలుగా పెట్టాను.

మా ఎండలకూ దుమ్ముకూ ఫ్లాపీలు నాలుగు రోజులు నిలిచేవి కావు. పాటల డబ్బాను కంప్యూటరుకు తగిలిస్తే ఫైళ్లు కూడా దాచుకుంటుందని తెలిసి, వారం వారం ఆ పనినంతా దాంట్లోకి ఎక్కించేదాన్ని. ఈ సంగతి చెబితే పెద్దాయన ముఖం చిన్నబోయింది. “ఏమ్మా, అండ్లో సినిమా పాటలు ఉండాయంటివే, మా జేజి పేరు వాటి పక్కనా ఉండేది?” అన్నాడు. జేజంటే వాళ్ల నాయనమ్మ. నవ్వాపుకుని పాటలన్నీ తీసేశాను. బొమ్మలకు చోటు కూడా కావలసి వచ్చింది లెండి.

ఆఖరి పేజీ కంప్యూటర్లోకి ఎక్కిన రోజు నేను నోరు జారాను. ఇంక భయం లేదు పెద్దాయనా, అంతా భద్రం అన్నాను. అచ్చు తీయడానికి తప్పులు దిద్దాల్సి ఉందనుకోండి, అయినా అనేశాను. వారం తిరక్కుండానే చేతులూపుకుంటూ వచ్చాడు. బైబిలైనా చర్చి పుస్తకమైనా శిథిలమైతే పారేయకుండా, కాల్చకుండా, సమాధుల దగ్గర పూడ్చిపెట్టడం వాళ్ల పల్లె ఆనవాయితీ. “నువ్వు భద్రమంటివి గదమ్మా, ఆ ధైర్యంతోనే ప్రార్థన చేసి మన్నులో పెట్టేసినాము” అన్నాడు తృప్తిగా.

ఇంక అసలు పుస్తకమే లేదు. ఆఖరి పేజీల బొమ్మలు డబ్బాలోకి ఇంకా ఎక్కించలేదు, అందులో చోటు లేదు, తీసేయడానికి మిగిలింది మా ఆయన గొంతొక్కటే. పెద్దాయన అటు వెళ్లగానే ఆ గొంతును కంప్యూటర్లోకి మార్చి, ఆ చోట్లో పేజీలు పెట్టాను. రెండు రోజుల్లో అచ్చు తీసేశాక మళ్లీ తెచ్చుకుందాంలే అనుకున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మరునాడు మధ్యాహ్నం పోయిన కరెంటు ఏ ఓల్టేజీతో తిరిగొచ్చిందో గానీ, కంప్యూటర్లోంచి కాలిన వాసన వచ్చింది. రిపేరు చేసే ఆయన విప్పి చూసి, హార్డ్ డిస్కు పోయింది, దాంట్లోంచి ఏమీ రాదన్నాడు.

పెద్దాయన పుస్తకం మాత్రం ఒక్క పేరూ పోకుండా వేరే షాపులో అచ్చయింది. కాగితాలు చేతికిస్తే వాళ్ల జేజి పేరు వెతుక్కుని, దాని మీద వేలు పెట్టి పైకి చదువుకున్నాడు. తర్వాత నా ముఖం చూసి ఏమైందని అడిగితే చెప్పేశాను, చెబుతూ ఏడ్చేశాను కూడా. “మా సచ్చినోళ్ల కోసరం బతికుండే మనిషి గొంతు పోగొట్టుకుంటివా తల్లీ” అని ఆయనా కళ్లు తుడుచుకున్నాడు. ఫోనులో మా ఆయన మాత్రం పకపకా నవ్వాడు. “నేనుండా గదమ్మే, వచ్చి మళ్లా చెప్తాలే” అన్నాడు.

వచ్చాడు. దేవుడి దయ వల్ల నిక్షేపంగా ఉన్నాడు. మోటారు ఆపావా, గేటు వేశావా అని రోజంతా మాట్లాడుతూనే ఉంటాడు. ఇప్పుడు ఇంట్లో అందరి ఫోన్లలోనూ ఆయన మాటలు కుప్పలుగా ఉన్నాయి, ఒక్కటీ ఎవరూ రెండోసారి వినరు. ఆ అరగంట మాటలు ఇంకోసారి చెప్పమంటే “ఏం చెప్పినానో నాకేం గ్యాపకం, పోమ్మే” అని అటు తిరుగుతాడు. ఒకప్పుడు నాకు అక్షరం పొల్లుపోకుండా వచ్చేవి. ఇప్పుడు, మధ్యలో ఒకచోట ఆగి ఆయన గుటక మింగడం గుర్తుంది గానీ, ఆ తర్వాత ఏమన్నాడో ఎంత ఆలోచించినా రావడం లేదు.