ఇక్బాల్ బీ కుట్టిన మొహాలు

చచ్చినవాళ్లను లేపగల మనిషి మా ఆత్మకూరు మండలం మొత్తంలో ఒక్కతే ఉంది. పేరు ఇక్బాల్ బీ. నాకు తెలిసి ఇప్పటికి నలభై మందిని లేపింది. అందులో ఇద్దరు సర్పంచులు, ఒక రేషన్ డీలరు. నమ్మనివాళ్లు మా ఊళ్లో ఏ మేకల కొట్టంలోకైనా దూరి తలెత్తి చూడండి. పైనుంచి ఎవరో ఒకరు పూలదండతో సహా మిమ్మల్నే చూస్తుంటారు.

రాష్ట్రం వచ్చాక మా దగ్గర ఫ్లెక్సీ లేకుండా ఎవరూ పుట్టడం లేదు, చావడం లేదు. పని తీరిన ఫ్లెక్సీలను ఇక్బాల్ బీ తెచ్చి, పట్టీలుగా కోసి, దబ్బనంతో పరదాలు కుడుతుంది. తెల్లటి వైపు ఎండకు, బొమ్మ వైపు లోపలికి. గడ్డివాములకూ కొట్టాలకూ అవే కప్పు. ఆమె భర్త అబ్దుల్ ఖాదర్ లారీలకు పరదాలు కుట్టేవాడు. ఆయన పోయాక దబ్బనం ఈమె చేతికొచ్చింది. ఊరందరి బొమ్మలూ కుట్టే ఆ ఇంట్లో ఆయన ఫోటో మాత్రం ఒక్కటీ లేదు.

నేను నల్లగొండలో జర్నలిజం రెండు నెలలు చదివాను. మిగతావాళ్లకు రెండేళ్లు పట్టిన చదువు నాకు అంతలోనే అయిపోయింది. అక్కడ చెప్పారు: పత్రికైనా, టీవీ అయినా, గోడమీది బొమ్మైనా సూదిమందు లాంటిదట. ఎక్కించగానే జనం ఒంట్లోకి పాకుతుందట. రోజూ చూసిందే చివరికి లోకమైపోతుందట. ఇది అక్షరాలా నిజమని ఈదమ్మ కొట్టంలో నా కళ్లతో చూశాను.

ఈదమ్మ కొడుకు నరేశ్ మూడేళ్ల కిందట కాలువలో మునిగి చనిపోయాడు. ఆధార్ కార్డు మీద తప్ప అతని ఫోటో లేదు. దోస్తులు చౌరస్తాలో కట్టిన ఫ్లెక్సీ గాలివానకు ఎటో పోయింది. పోయిన ఎండాకాలం ఈదమ్మ మొగుడు జానయ్య ఇక్బాల్ బీ దగ్గర పరదా కొని మేకల కొట్టానికి కప్పాడు. మర్నాడు ఎండ నడినెత్తికి రాగానే కప్పులో ఒక మొహం వెలిగింది. నుదురు, రెండు కళ్లు, సగం ముక్కు. అక్కడికి కుట్టు. నోరుండాల్సిన చోట ఇంకెవరిదో పంచె అంచు.

ఆనాటి నుంచి మధ్యాహ్నమైతే ఈదమ్మ కొట్టంలోనే. తిండి లేదు. మేకలు సైతం ఆ మొహం కింద పడుకోవడం మానేశాయి. వారం తిరిగేసరికి మనిషి సగమైంది.

జానయ్య వచ్చి ఇక్బాల్ బీ గడపలో కూలబడ్డాడు.

“బీబమ్మా, జర ఆ పట్టీ ఇప్పెయ్యి. లేకుంటే గామె మేకలల్లనే పానం ఇడుస్తది.”

“నువ్వే పీకెయ్యరాదు?”

“చెయ్యి లేస్తలేదు. నా కొడుకు కండ్లు గవి.”

కొట్టం దగ్గర నేను నిచ్చెన పట్టుకున్నాను. ఇక్బాల్ బీ బ్లేడు తీసుకుని ఎక్కింది. లోపలినుంచి ఈదమ్మ గొంతు వినిపించింది.

“ఇప్పకు, బీబమ్మా. గంటసేపే గద కనవడేది.”

“తిన్నవా?”

“తినలే.”

“తింటే ఉంచుత. లేకుంటే ఇప్పుడే కోస్త.”

జానయ్య గిన్నెలో జొన్న గట్క తెచ్చాడు. ఈదమ్మ ఆ కళ్ల కిందే కూర్చుని, ఒక్కో ముద్దా మింగుతూ, గిన్నె ఖాళీ చేసింది. పైన ఆ కళ్లు ఆమె చేతినే చూస్తున్నాయి. దయ్యాలను బీడీ నిప్పు అడిగినవాణ్ణి నేను, నాకే ఒళ్లు చల్లబడింది. ఇక్బాల్ బీ కోయకుండానే దిగింది.

దారిలో చెప్పింది, అది నరేశ్ కాదని. కొత్తకోట దిక్కు కుర్రాడి పుట్టినరోజు ఫ్లెక్సీ అట. తను కోసిన ఏ మొహాన్నీ ఆమె మర్చిపోదు. ఆ కుర్రాడు బతికే ఉన్నాడు, మొబైల్ షాపు నడుపుతున్నాడు. ఇక్కడొక మేకల కొట్టంలో రోజూ గంటసేపు తనను చనిపోయినవాడిగా చూస్తున్నారని అతనికి తెలియదు. అప్పటినుంచి నేను కొత్తకోటలో బస్సు దిగలేదు.

ఏ వార్త లోపలికి వదలాలో, ఏది ఆపాలో తేల్చే కావలివాళ్లుంటారని కూడా కాలేజీలో చెప్పారు. తల్లి నమ్మకం చెదరకూడదని నిజాన్ని తనలోనే ఆపేసిన కావలిమనిషి ఇక్బాల్ బీ అని రాసి, ఇదంతా ఆమెకు చదివి వినిపించాను. ఆమె కుట్టు ఆపకుండానే అంది:

“నేనేం దాచలే, బిడ్డా. అది నరేశ్ కాదని ఈదమ్మకు ఆ మొహం కనవడ్డ నాడే ఎర్క, నేనే చెప్పిన. ‘ఎవలి పోరగాడైతేంది, జర చూడనీ’ అన్నది. ఎర్క లేంది జానయ్యకే.”