వెండి రంగు డైనమో

వరంగల్ స్టేషన్ రోడ్డులో మోటారు బండ్ల కరెంటు పనిచేసే కట్టయ్యకు రెండు మాటలు నోట పలికేవి కావు. ఒకటి "తెలియదు", రెండోది "తప్పు నాదే". మిగతా భాషంతా వచ్చు, బూతులతో సహా. బ్యాటరీ చచ్చిందని ఎవరైనా బండి తెస్తే ముందు బండిని తిట్టేవాడు, తర్వాత తెచ్చినవాణ్ణి, ఆ తర్వాత అంతకుముందు దానిమీద చెయ్యి వేసిన మేస్త్రీని. ఆ మేస్త్రీ చాలాసార్లు తనే అయ్యేవాడు. అయినా తిట్టడం ఆపేవాడు కాదు.

పని మాత్రం వచ్చినవాడే, ఆ మాట కాదంటే కళ్లు పోతాయి. బస్సుల కింద వెల్లకిలా పడుకుని, మొహం మీద ఆయిలు కారించుకుంటూ నేర్చుకున్న పని. దానికి తోడు ఒక సోకు పట్టుకుంది. దసరా వచ్చిందంటే ఊళ్లో అందరూ బండ్లు కడిగి, బంతిపూల దండలు కట్టి, నిమ్మకాయలు తొక్కించేవారు. కట్టయ్యకు అది చాలేది కాదు. తన చేతి కింద ఉన్న ప్రతి బండిదీ డైనమో విప్పి, కిరసనాయిలుతో కడిగి, నిగనిగలాడే వెండి రంగు వేసి, దానిమీద పసుపూ కుంకుమా పెట్టి బిగించేవాడు. బానెట్ ఎత్తి నలుగురికి చూపిస్తే తప్ప ఆయన పండుగ అయ్యేది కాదు. పైగా ఒక శాసనం: దసరా బొట్టు దానంతటదే పోవాలి, ఎవడూ గోకకూడదు.

అరవై రెండులో కూడా అలాగే చేశాడు. ఆ ఏడు మాత్రం రంగు డబ్బా పెద్దది దొరికింది. చేతికి అడ్డూ అదుపూ లేకుండా, చివరి బండికి వచ్చేసరికి డైనమోను బండికి బిగించే చెవులకీ బోల్టులకీ కూడా రెండు పూతలు పట్టించాడు. ఆ బండి, మిర్చి కొని అమ్మే అడ్తి నడిపే పాండురంగం సేటు అంబాసిడర్. దాని డ్రైవరు యాకయ్య. యాకయ్య అంటే కట్టయ్య భార్య చిలుకమ్మకు సొంత తమ్ముడు. బావాబామ్మర్దులకు పడదు. కట్టయ్య పెళ్లినాడు కోసిన మేకలో కార్జం అంతా ఈ బామ్మర్దే నాకేశాడని కట్టయ్యకు ఏళ్లనాటి కోపం. దసరాకు జమ్మి ఆకు చేతిలో పెట్టి పెద్దల కాళ్లు మొక్కే చోట యాకయ్య ఊరందరికీ మొక్కి, బావ దగ్గరికొచ్చేసరికి నడుము పట్టేసిందని తప్పించుకునేవాడు.

పండుగ అయిన మర్నాడు పాండురంగం కేసముద్రం పోయాడు. దారిలోనే మీటరు పక్కనున్న ఎర్రలైటు వెలిగింది. తాళం తిప్పగానే వెలిగి, ఇంజను అందుకోగానే ఆరిపోవలసిన లైటు అది. ఆరలేదంటే డైనమో కరెంటు పుట్టించడం లేదు, బండి తన బ్యాటరీలో దాచుకున్నదే తింటోందని లెక్క. తిరుగు ప్రయాణంలో అదీ అయిపోయింది. సేటు దిగి, తెల్లటి ధోవతి పైకి దోపుకుని, తన కారు వెనక తనే చెయ్యివేసి తోయవలసి వచ్చింది. దారిన పోయే ఎడ్లబండి మీదనుంచి ఎవరో నవ్వారు కూడా.

"దసరా దాక మంచిగున్నది. నువ్వు తోలి ఖరాబు చేసినవ్," అన్నాడు సేటు యాకయ్యతో. "శుక్రవారం దాక చూస్త. బండిల తప్పు లేదని కట్టయ్య చెప్పిండంటే నువ్వు ఇంక రావద్దు."

యాకయ్యకు ఇద్దరు చంటిపిల్లలు, ఇంట్లో ముసలి తల్లి. ఆ తాళంచెవి తప్ప చేతిలో వేరే ఆధారం లేదు. ఎన్నడూ లేనిది బావ కొట్టు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"బావా, రంగు ఏసిన కాడికెంచే గిట్ల అయితాంది. జర ఆ రంగు గీకి చూడరాదు."

"దసరా బొట్టురా అది. గోకద్దు. నీకు తోలుడు రాదు గని దేవుని మీద పెడ్తానవ్."

కట్టయ్య పనిలోకి దిగాడు. బెల్టును బొటనవేలితో నొక్కి చూశాడు, బిగువుగానే ఉంది. డైనమో విప్పి బ్రష్షులు చూశాడు, గట్టిగా ఉన్నాయి. లోపల రాగి మీద మసి ఉంటే గరుకు కాగితంతో రుద్దాడు. బల్లకు బిగించిన ఇనుప పట్టులో డైనమో చెవులు ఇరికించి తిప్పితే బల్బు భగ్గున వెలిగింది. బ్రహ్మాండంగా ఉంది. ఇనుప పట్టు పళ్లకు వెండి రంగు చెదిరి గీతలు పడితే ప్రాణం ఉసూరుమంది. కుంచె తీసి వాటికి మళ్లీ రంగు పూసి, ఆరాక బండికి బిగించాడు. ఎర్రలైటు వెలుగుతూనే ఉంది. మళ్లీ విప్పాడు. బల్ల మీద బాగుంది. మళ్లీ పూశాడు, మళ్లీ బిగించాడు. బండిలో లేదు. డైనమో కరెంటును బ్యాటరీకి కలిపే కటౌట్ మార్చాడు. వైర్లు మార్చాడు. బండి పుట్టుకను తిట్టాడు. ఇలా రెండు రోజులు గడిచాయి.

చివరికి సేటు మనిషి వచ్చి అడిగితే, "డైనమోల తప్పు లేదు, బల్ల మీద చూసుకో," అనేశాడు. ఆ మాటకు అర్థం ఏమిటో ఆయనకు తెలుసు. అయినా తెలియదని చెప్పడం కంటే బామ్మర్ది నౌకరి పోవడమే తేలికనిపించింది. మనిషి బుద్ధి అంత దరిద్రంగా ఉంటుంది మరి.

శుక్రవారం పొద్దున కట్టయ్య డైనమోను మళ్లీ పట్టులోంచి తీసి, గీతలకు పూయడానికి రంగు డబ్బా తెరిచేసరికి చిలుకమ్మ కొట్టుకు వచ్చింది. అన్నం గిన్నె తేలేదు.

"మా తమ్ముని నోట్ల మన్ను గొడ్తివి. ఇంగ నీకు బువ్వెందుకు, ఈ రంగే తాగు."

అంటూనే వెండి రంగు డబ్బా ఎత్తి కొట్టు ముందున్న మురికినీళ్ల మోరీలో విసిరేసి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. మోరీ నీళ్లు కాసేపు రాజుల కాలం వెండి పళ్లెంలా మెరిశాయి. కట్టయ్య ఇక చేసేదేముంది, గీతలు పడ్డ డైనమోను అలాగే, తిట్టుకుంటూ, బండికి బిగించాడు. తాళం తిప్పాడు.

ఇంజను అందుకుంది. ఎర్రలైటు ఆరిపోయింది.

ముందు ఛాతీ విరుచుకున్నాడు. తర్వాత మోరీ వంక చూశాడు. అప్పుడు సంగతి తెలిసింది. కరెంటు వైరులో పోయి బండి ఇనుములోంచి తిరిగి రావాలి. ఆ దారి కోసం ఇనుముకు ఇనుము తగలాలి. తను వేసిన పూతలు ఆ దారికి అడ్డం పడ్డాయి. బల్ల మీది పట్టు రంగును కొరికి దారి తెరిస్తే, తను కుంచెతో మళ్లీ మూశాడు. రెండు రోజులూ దొంగ కోసం వెతికింది తననే.

అడ్తికి పోయేసరికి పాండురంగం గద్దె మీద ఉన్నాడు. చుట్టూ మిర్చి బేరగాళ్లు కాయలు విరిచి వాసన చూస్తూ తుమ్ముతున్నారు. మూలన యాకయ్య తల వంచుకుని నిలబడ్డాడు.

"బండి మంచిగైంది, సేటూ," అన్నాడు కట్టయ్య.

"ఏమైండె?"

"దిష్టి. పండుగనాడు బానెట్ ఎత్తితె ఎవనిదో కన్ను పడ్డది. తీసేసిన."

సేటు తలూపాడు. "నేననుకున్నదే. ఈ రెండ్రోజులు యాకయ్య బండి ముట్టలే, బండి బాగైంది. వానిదే ఆ కన్ను. యాకయ్యా, తాళం పెట్టి పో."

యాకయ్య తన దగ్గరుండే రెండో తాళంచెవిని జేబులోంచి తీసి గద్దె మీద పెట్టాడు. వాడు నాలుగు తిట్టినా కట్టయ్య హాయిగా ఇంటికి పోయేవాడు. వాడు తిట్టకపోవడమే కొంప ముంచింది.

"ఆగు సేటూ," అన్నాడు. "దిష్టి లేదు, గిష్టి లేదు. తప్పు..." మిర్చి ఘాటుకు పెద్ద తుమ్ము వచ్చింది. అందరూ ఆగి చూస్తున్నారు. "తప్పు నాదే. రంగు ఏసి కరెంటు తొవ్వ మూసిన. గీతలు పడ్డప్పుడల్ల మల్ల నేనే మూసిన. పోరడు ముందే చెప్పిండు, నేనిన్లే."

అడ్తి అంతా పగలబడి నవ్వింది. తుమ్ములూ నవ్వులూ కలిసిపోయాయి.

"అంటే నాతోని కారు తోపిచ్చింది నువ్వా?" అన్నాడు సేటు.

"నేనే."

పాండురంగం తాళంచెవిని యాకయ్య వైపు తోసి, "పో, బండి తీస్కరా," అన్నాడు.

ఆ సాయంత్రానికే కట్టయ్యకు "వెండి కట్టయ్య" అని పేరు పడింది. మట్టెవాడ దాకా ఎవరు పిలిచినా అదే పిలుపు. పిలిచినవాణ్ణల్లా తిట్టేవాడు గానీ పేరు పోలేదు. ఇంట్లో మాత్రం చిలుకమ్మ ఆ పూట కోడికూర వండి, కార్జం ముక్కలు ఏరి ఆయన పళ్లెంలోనే వేసింది.

మరుసటి దసరాకు రంగు డబ్బా కొననివ్వలేదు ఆమె. బొట్టు చాలంది. సాయంత్రం జమ్మి ఆకులు పట్టుకుని యాకయ్య వచ్చాడు. అందరికీ ఆకు ఇచ్చి, బావ దగ్గరికొచ్చి, ఈసారి నడుము సంగతి ఎత్తకుండా వంగి రెండు కాళ్లూ పట్టుకున్నాడు. కట్టయ్య వాడి తలమీద చెయ్యి పెట్టాడు.

వాడు లేచాక కిందికి చూస్తే రెండు పాదాల మీదా రెండు బొటనవేళ్ల గుర్తులు, తళతళలాడే వెండి రంగు. ఎక్కడ సంపాదించాడో వెధవ. కట్టయ్య వంగి గోటితో గీకబోయాడు.

"గోకద్దు బావా," అన్నాడు యాకయ్య. "దసరా బొట్టు. దానంతటదే పోవాలె."