కరెంటు తప్పేం లేదండీ

మా అమలాపురం కాలేజీలో ఏం పాడైనా కరెంటునే తిట్టేవాళ్లం. ల్యాబులో కంప్యూటర్లు బిగుసుకుపోయినా అంతే. ల్యాబు చూసే ఆయన "వోల్టేజీ అండీ" అనేసి మళ్లీ ఆన్ చేసేవారు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేనక్కడ ఎంటెక్ చదివేదాన్ని.

ప్రోగ్రాము తప్పు చేయదని నడిపి చూసి కాదు, లెక్కల్లోలా రుజువు చేసి చెప్పాలని నా పిచ్చి. ప్రాజెక్టు దాని మీదే చేస్తానంటే మా హెడ్డుగారు సంతకం పెట్టలేదు.

"రుజువులు ఎవరిక్కావాలమ్మా? కాలేజీకి వెబ్‌సైటు చేసిపెట్టండి, ఉద్యోగమన్నా వస్తుంది."

ఒళ్లు మండిపోయింది. నాది మంకుపట్టని మా అమ్మ ఊరికే అనలేదు.

ల్యాబులో మార్కుల జాబితాలు అచ్చు తీసే ప్రోగ్రాము హెడ్డుగారు సొంతంగా రాసిందే. అది అడిగి తెచ్చుకుని, ఇంటికెళ్లే రాజోలు బస్సులో చదవడం మొదలెట్టాను. బస్సు దిగేలోపే తప్పు దొరికింది! మార్కులు దిద్దేవాళ్లకి అది ముందు మార్కుల ఫైలు, తర్వాత ప్రింటరు ఇస్తుంది. ఊరికే అచ్చు తీసుకునేవాళ్లకి ముందు ప్రింటరు, తర్వాత ఫైలు. ఇద్దరూ ఒకేసారి మొదలెడితే చెరొకటి పట్టుకుని, రెండోదాని కోసం తెల్లారిందాకా కూర్చుంటారు.

మర్నాడు హెడ్డుగారి ముందే చేసి చూపించాను. ఒక కంప్యూటరు దగ్గర మార్కులు దిద్దడానికి నా స్నేహితురాలు, ఇంకోదాని దగ్గర అచ్చు తీయడానికి నేను.

"ఊఁ, నొక్కవే" అన్నాను. రెండూ బిగుసుకుపోయాయి.

"కరెంటు పోయిందా?" అన్నారాయన.

"లేదండీ. ఫ్యాను తిరుగుతోందండీ."

ఆయన తలెత్తి ఫ్యాను వంక చూశారు. నా స్నేహితురాలు నవ్వాపుకోలేక చున్నీ నోట్లో కుక్కుకుంది.

అందరికీ ముందు ప్రింటరే ఇచ్చేలా మార్చాను. ఫైలు అందినవాళ్ల దగ్గర ప్రింటరు అప్పటికే ఉంటుంది కనుక వాళ్లిక దేనికీ ఆగక్కర్లేదు. పని ముగించి రెండూ వదిలేస్తారు. బోర్డు మీద రుజువు నాలుగు వాక్యాలే. ఆయన నమ్మితేగా! క్లాసు మొత్తాన్నీ పిలిచి సాయంత్రం దాకా నొక్కించారు. ఒక్కసారి ఆగితే ఒట్టు.

"సరేనమ్మా, ఇవాళ ఆగలేదు. రేపు ఆగితే?"

"ఆగదండీ."

"ఎల్లుండి?"

"మీరు రిటైరయ్యేక కూడా ఆగదండీ."

"ఏం చూసుకునమ్మా అంత ధైర్యం?"

"రుజువు చేసేను కదండీ."

ఆయన బోర్డు దగ్గరికి నడిచి, ఆ నాలుగు వాక్యాలూ మళ్లీ మొదట్నుంచీ చదివారు. "ఆయ్" అన్నారు తనలో తనే. నా ప్రాజెక్టు కాగితం అడిగి తీసుకుని సంతకం పెట్టారు. ప్రాణం లేచొచ్చింది నాకు. థాంక్సండీ అనబోతుంటే, ఆగమన్నట్టు చెయ్యి చూపించి, గైడు అని ఉన్నచోట తన పేరే రాసుకున్నారు.